ముడి వేసేది విప్పడానికే

టై కట్టుకునే విద్య మన సాఫ్ట్‌వేర్ జనాభాలో చాలామందికి ఒకే ఒక్క రోజు అవసరం పడుతుంది. అది క్యాంపస్ ఇంటర్వ్యూ రోజు. హాస్టల్లో ఎవడో ఒకడికి కట్టడం వచ్చి ఉంటుంది. పొద్దున్నే వాడి గది ముందు క్యూ. వాడు తన మెడకే కట్టుకుని, వదులు చేసి, తల మీంచి తీసి అందరికీ పంచుతాడు. తీసుకున్నవాడు దండలా వేసుకుని బిగించుకుంటాడు. ఉద్యోగం వచ్చాక ఆ టై ముడి కూడా విప్పకుండా బీరువాలో వేలాడుతూ ఉంటుంది, మళ్ళీ ఎవరి పెళ్ళి రిసెప్షనుకో బయటికొచ్చేదాకా.

నిజానికి ఆ ముడి చాలా తేలిక. వెడల్పు కొసని సన్న కొస మీదుగా అడ్డంగా వెయ్యాలి, వెనకనుంచి చుట్టాలి, మళ్ళీ ముందుకి తేవాలి, మెడ దగ్గరి సందులోంచి పైకి తీసి, ముందు ఏర్పడ్డ ఉచ్చులోంచి కిందకి దించి లాగాలి. అంతే. దీని గొప్పతనం కట్టడంలో లేదు. సన్న కొస లాగేస్తే మొత్తం ముడి ఆనవాలు లేకుండా ఊడిపోవడంలో ఉంది. రోజంతా గట్టిగా ఉండాలి, సాయంత్రం సతాయించకుండా వదలాలి.

మన తెలుగులో ముడుల జాతులకి కొదవలేదు. విప్పకూడనివి కొన్ని: మూడు ముళ్ళు, బ్రహ్మముడి. విప్పలేనిది పీటముడి. విప్పడానికే వేసేది జారుముడి. ఈ చివరి జాతి మీద మన దగ్గర ఒక ప్రాంతం ప్రాంతమే బతుకుతోంది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, వాటి చుట్టుపక్కల ఊళ్ళు. ఒకప్పటి నల్లగొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. వాళ్ళ గురించి మనం చేసే ఆలోచన తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. అది చెప్పే ముందు పని ఎలా జరుగుతుందో కాస్త చెప్పాలి.

ఈమధ్య కొన్ని ఆఫీసుల్లో, పిల్లల వేసవి శిబిరాల్లో 'టై అండ్ డై' అని ఒకటి చేయిస్తున్నారు. తెల్ల టీషర్టు తీసుకుని, అక్కడక్కడా రబ్బరు బ్యాండ్లు వేసి, రంగునీళ్ళలో ముంచి తీస్తే సూర్యుడిలాగా, సుడిగుండంలాగా ఏవో గుండ్రాలు వస్తాయి. సరదాగానే ఉంటుంది, నాకేం అభ్యంతరం లేదు. ఎలా వచ్చినా బాగున్నట్టే, ఎందుకంటే ఎలా రావాలో ముందు ఎవరూ అనుకోలేదు.

పోచంపల్లి పద్ధతిలో ముడి గుడ్డకి కాదు, దారానికి వేస్తారు. గుడ్డ ఇంకా పుట్టలేదు. ఏ దారం ఏ వరసలో పడుతుందో, ఆ వరసలో ఏ అంగుళం ఎర్రగా ఉండాలో, ఏ అంగుళం తెల్లగా మిగలాలో ముందే లెక్క వేసి, తెల్లగా మిగలాల్సిన చోట సైకిలు ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు పీలికలతో బిగించి కడతారు. రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. ఆరబెట్టి, ఇప్పుడు ఎర్రగా మిగలాల్సిన చోట మళ్ళీ కట్టి, నల్లరంగులో ముంచుతారు. ఇలా ఎన్ని రంగులుంటే అన్ని విడతలు. చివరికి అన్ని కట్లూ విప్పేస్తారు. ఆ దారాన్ని వరస తప్పకుండా కండెలకి చుట్టి మగ్గం మీద నేస్తే, అప్పుడు బొమ్మ బయటపడుతుంది. ముడి మాత్రం ఎక్కడా కనపడదు.

దీన్నే మనవాళ్ళు చిటికి అంటారు. ప్రపంచానికి తెలిసిన పేరు ఇక్కత్, అది మలయ్ భాషవైపు నుంచి వచ్చిన మాట, అర్థం 'కట్టు' అనే. పడుగుకి గానీ పేకకి గానీ ఒకదానికే ఇలా చేస్తే సింగిల్ ఇక్కత్. రెండింటికీ కట్టి, రంగువేసి, నేసేటప్పుడు నిలువు ఎరుపు మీద అడ్డం ఎరుపు సరిగ్గా వచ్చి కూర్చునేలా చేస్తే డబుల్ ఇక్కత్. ఇది ప్రధానంగా మూడు దేశాల్లోనే కనిపిస్తుంది: జపాను, ఇండోనేషియాలో బాలి దీవిలోని తెంగనాన్, మన దేశం. మన దేశంలో గుజరాతు పటోలా ఉంది, మన పుట్టపాక వైపు కూడా ఉంది. హైదరాబాదు నుంచి ఒక్క పూటలో వెళ్ళి రావచ్చు. మనలో ఎంతమంది వెళ్ళాం? బాలికి మాత్రం హనీమూనుకి వెళ్ళొస్తాం :)

ఇప్పుడు ఆలేరు సంగతి. సికింద్రాబాదు నుంచి కాజీపేట వైపు రైలెక్కితే భువనగిరి దాటాక, జనగామకి ముందు వస్తుంది. ఆ మండలంలోనే శారాజీపేట అని ఒక ఊరు. చింతకింది మల్లేశం గారిది ఆ ఊరే. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో రాజ్ రాచకొండ దర్శకత్వంలో ప్రియదర్శి హీరోగా 'మల్లేశం' సినిమా వచ్చింది కాబట్టి పేరు చాలామందికి తెలుసు. కానీ సినిమా చూసినవాళ్ళని ఆయన ఏం కనిపెట్టాడు అని అడిగితే, 'మగ్గం మిషను' అనేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. మగ్గం కాదండీ. ఆసు.

ఆసు అంటే ముడులు వేయడానికి ముందు జరిగే పని. పేక దారాన్ని చీర వెడల్పు లెక్కకి సరిపోయేలా వరసలుగా పేర్చి పెట్టాలి, లేకపోతే ఏ దారం ఎక్కడ కట్టాలో తెలీదు. ఒక కొసన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారం పట్టుకున్న చెయ్యి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకి దాదాపు 9,000 సార్లు. ఒక్కోసారికి మీటరు లెక్కన వేసుకున్నా ఒక చీరకి చెయ్యి తొమ్మిది కిలోమీటర్లు నడిచినట్టు. నాలుగైదు గంటల పని. రోజుకి రెండు చీరలకి పోస్తే 18,000 సార్లు. ఇంతా చేసి ఈ పని ఎవరిది? ఇంట్లో ఆడవాళ్ళది. నేసేవాడికి కూలీ లెక్క ఉంటుంది, ఆసు పోసే తల్లికి ప్రత్యేకంగా ఏ లెక్కా ఉండదు. భుజం, మోచెయ్యి అరిగిపోతే ఆ ఖర్చూ ఎవరి ఖాతాలోనూ పడదు.

మల్లేశం గారి అమ్మ లక్ష్మి గారి భుజాలు అలాగే అరిగాయి. ఆరో తరగతితో బడి మానేసి, తర్వాత ప్రైవేటుగా పదో తరగతి రాసిన ఆయన, 1992లో ఆ కదలికని యంత్రంతో చేయించాలని మొదలుపెట్టారు. మధ్యలో డబ్బులు అయిపోయాయి, నవ్వినవాళ్ళు నవ్వారు, హైదరాబాదు వచ్చి కూలిపనులు చేసుకుంటూ సాగించారు. చివరి చిక్కు, అంటే దారం మేకు చుట్టూ తిరిగే కదలిక, 1999లో బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో వేరే యంత్రం కదలడం చూసినప్పుడు తెగింది. ఏడేళ్ళు. యంత్రానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకి దిగింది. అమ్మ భుజం కదలాల్సిన అవసరమే లేదు. ఇప్పుడు ఆ యంత్రాలు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వందల కొద్దీ ఉన్నాయి. యంత్రం ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి కూలికి ఆసు పోసిస్తారు. అంటే ఇంట్లో లెక్కలోకే రాని పనికి ఒక రేటు ఏర్పడింది. నా మటుకు నాకు ఇది టైము తగ్గడం కంటే పెద్ద విషయం.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడ మొదలవుతుంది.

ఆయన యంత్రం ఏం చేసింది, ఏం చెయ్యలేదు అన్నది గమనించండి. ముడి జోలికి పోలేదు. బొమ్మ జోలికి పోలేదు. ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలన్న నిర్ణయం జోలికి పోలేదు. ఆలోచన అక్కర్లేని, ఒళ్ళు మాత్రమే అరిగే ఒక్క కదలికని తీసుకుని యంత్రానికి అప్పగించింది. బుర్ర పెట్టాల్సిన పని మనిషి దగ్గరే ఉంచింది.

ఇప్పుడు బజార్లో దొరికే 'ఇక్కత్ ప్రింటు' చూడండి. కుర్తీలు, దుప్పట్లు, కర్టెన్లు, సోఫా కవర్లు. ఇక్కడ జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ముడి తీసేశారు, లెక్క తీసేశారు, మనిషిని తీసేశారు, బొమ్మ ఒక్కటి ఉంచుకున్నారు. ఆఖరికి అంచుల్లో దారం అటూ ఇటూ జరగడం వల్ల వచ్చే ఆ మసక కూడా కంప్యూటర్లో గీసి అచ్చువేస్తున్నారు. అసలులో అది చేతి జాడ, ఇక్కడ అది అలంకారం.

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. 'చవగ్గా దొరుకుతుంది కదా, అందరూ వేలు పోసి చీర కొనలేరు కదా, తప్పేంటి?' ప్రింటుని ప్రింటు అని అమ్మితే తప్పేమీ లేదు. ఎవరికి స్తోమత ఉన్నది వాళ్ళు కొనుక్కుంటారు. పోచంపల్లి అని చెప్పి అమ్మడం తప్పు. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, పుట్టపాక తేలియా రుమాలుకి 2020లో వచ్చింది. అంటే ఆ పేరు ఆ ఊళ్ళ ఆస్తి. మన కంపెనీ లోగో పక్కవాడు వాడుకుంటే లీగల్ డిపార్టుమెంటు ఎలా లేస్తుందో మనకి తెలుసు. నేతగాడికి లీగల్ డిపార్టుమెంటు ఉండదు. కొనేవాడి కన్నే వాడి దిక్కు.

ఇటువైపు ఇలా ఉంటే, అటువైపు ఇంకో వాదన ఉంది. చేనేత అంటే పూర్తిగా చేత్తోనే ఉండాలి, యంత్రం ఏది వచ్చినా ఆత్మ పోతుంది అనేవాళ్ళు. ఇలాంటి మాటలు ఎక్కువగా ఏసీ గదుల్లో, మంచి కాటన్ చీరల మధ్య వినిపిస్తాయి. వాళ్ళని రోజంతా అక్కర్లేదు, ఒక్క గంట ఆసు పొయ్యమనండి. చేత్తో చేసిందల్లా కళ కాదు. కొన్ని పనులు చేత్తో చేయడం కేవలం వేరే దారి లేకపోవడం. అమ్మ భుజం నొప్పిని సంప్రదాయం అని మనం పిలవకూడదు.

కాబట్టి గీత 'చెయ్యి-యంత్రం' మధ్య కాదు. ఒళ్ళు అరిగే చోటికీ, బుద్ధి పనిచేసే చోటికీ మధ్య ఆ గీత ఉంది. ఆ గీత సరిగ్గా గీయాలంటే పని లోపలినుంచి తెలిసి ఉండాలి. శారాజీపేట కుర్రాడికి తెలిసింది, ఎందుకంటే రోజూ అమ్మని చూశాడు. ఏ కన్సల్టెంటో బయటినుంచి వచ్చి చూసి ఉంటే, ముందు ముడులే తీసెయ్యమని చెప్పేవాడు. కాగితం మీద అక్కడే కదా టైము ఎక్కువ పోతున్నట్టు కనపడేది!

పోచంపల్లిలో ఒకరింట్లో కూర్చుని కట్టడం చూస్తున్నప్పుడు ఒక పెద్దావిడ నాకొక మాట చెప్పింది. "ముడి గట్టిగ ఉండాలె బిడ్డా, లేకుంటె రంగు లోపటికి జొర్రుతది. కానీ ఇప్పేటప్పుడు కత్తెర పెట్టొద్దు. కత్తెర పెడితె దారం తెగుతది, మల్ల అతుకు ఏసుకోవాలె." గట్టిగానూ ఉండాలి, విప్పేలాగానూ ఉండాలి. మనం నెలల తరబడి మీటింగుల్లో మాట్లాడుకునే డిజైను సూత్రాలు ఇంతకంటే ఏం చెప్తాయి?

మాటలు చాలు, ఇక చేతిపని. పిల్లలకి సెలవుల్లో టీషర్టు బదులు ఈ పని పెట్టి చూడండి. మీరూ పక్కన కూర్చోండి. పది సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న గుడ్డ, మధ్యలో తెల్లటి డైమండు ఆకారం. అంతకంటే పెద్ద ఆశలు వద్దు.

1. ఒక చెక్క మీద రెండు మేకులు, సరిగ్గా పది సెంటీమీటర్ల దూరంలో కొట్టండి. లావుపాటి తెల్ల నూలు దారాన్ని వాటి చుట్టూ 50 చుట్లు చుట్టండి. ఒక్కో చుట్టు అంటే నేతలో రెండు వరసలు, ఒకటి వెళ్ళేది, ఒకటి వచ్చేది. ఇదే మీ బుల్లి ఆసు.

2. పది చుట్లకొక గుత్తి చొప్పున అయిదు గుత్తులు చేసి, మధ్యలో వేరే రంగు దారం దూర్చి విడదీయండి. రెండు కొసల్లోనూ అలాగే చెయ్యండి. వరస కలిసిపోతే బొమ్మ పోయినట్టే.

3. పెన్సిలుతో గుర్తులు పెట్టండి. ఒకటో గుత్తికి, అయిదో గుత్తికి మధ్యలో 2 సెంటీమీటర్లు. రెండో దానికి, నాలుగో దానికి 4. మూడోదానికి 6. పైనుంచి కిందకి చూస్తే డైమండు కనపడుతుంది.

4. పాత సైకిలు ట్యూబుని అర సెంటీమీటరు వెడల్పు పీలికలుగా కోయండి. గుర్తు ఉన్నంతమేరా ఒక చుట్టు మీద ఒక చుట్టు సగం ఎక్కేలా, లాగి పట్టుకుని చుట్టండి. చివర పీలికని మడతపెట్టి ఆ మడతని ఆఖరి చుట్టు కిందకి దూర్చండి. కొస పట్టుకుని లాగితే ఊడి రావాలి. అదే జారుముడి.

5. మేకుల మీంచి తీసి, తడిపి, రంగులో వెయ్యండి. చల్లనీళ్ళలో పనిచేసే నూలు రంగులు దొరుకుతాయి, పొట్లం మీద రాసినట్టు బట్టల సోడా కలపాలి. చేతికి గ్లవ్స్ వేసుకోండి. వంటగిన్నెలు వాడొద్దు, ఇంట్లో గొడవలవుతాయి.

6. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు విప్పండి. తడి మీద విప్పితే రంగు తెల్లచోటికి పాకుతుంది.

7. గట్టి అట్టముక్కకి పైనా కిందా అర సెంటీమీటరుకొక గాటు పెట్టి, అదే రంగు దారంతో పది సెంటీమీటర్ల వెడల్పున పడుగు పోయండి. రంగువేసిన దారాన్ని మొదటి గుత్తినుంచి వరసగా పేకలా ఒకటి కిందనుంచి, ఒకటి పైనుంచి నేయండి.

మొదటిసారి మీ డైమండు వంకరగా వస్తుంది. మేకుల మధ్య దూరానికి, నేత వెడల్పుకి ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా చాలు. ఒక్కో వరసకీ ఆ మిల్లీమీటరు పేరుకుంటూ పోతుంది, ఇరవై వరసలకి బొమ్మ రెండు సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది. ఒక్క అంకె తేడాతో లూపంతా తప్పిన ప్రోగ్రాము గుర్తొస్తుంది. మనకక్కడ డీబగ్గరు ఉంది. నేతగాడు అంచు దగ్గర దారాన్ని వేలితో వెంట్రుకవాసి లాగి ప్రతి వరసనీ సరిచేసుకుంటూ పోతాడు. ఆ సర్దుబాటు జాడే అంచుల్లో కనిపించే మసక. ఇప్పుడు మీ పది సెంటీమీటర్లని చీర వెడల్పుకి, ఆరు గజాల పొడవుకి పెంచి, నాలుగు రంగులు కలిపి ఊహించుకోండి.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. అసలు ఇక్కత్ రెండువైపులా ఒకేలా ఉంటుంది, ప్రింటు చాలావరకు వెనక వెలిసినట్టుంటుంది. ఇంకా అనుమానముంటే కత్తిరించిన అంచు దగ్గర అడ్డం దారం ఒకటి లాగండి, అందులో బొమ్మ లేకపోతే నిలువు దారం. ఇక్కత్ దారంలో రంగున్నంతమేరా చుట్టూ నిండుగా ఉంటుంది, రంగు మారేచోట మెల్లగా మారుతుంది. ప్రింటు దారం మీద, వేరే దారం అడ్డుపడిన ప్రతిచోటా తెల్ల చుక్కలు ఉంటాయి. ఒక్క జాగ్రత్త: దారానికి రంగువేసి పవర్లూము మీద నేసినదాన్ని ఈ పరీక్ష పట్టుకోలేదు. దానికి 2006లో మొదలైన హ్యాండ్లూమ్ మార్కు చూడండి, లేదా నేరుగా సొసైటీలో, నేసేవాళ్ళింట్లో కొనండి.

ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినం వస్తుంది, 2015 నుంచి జరుపుతున్నారు. ఆరోజు ఆఫీసులో అందరూ చేనేత వేసుకుని గ్రూప్ ఫోటో దిగుతారు. మంచిదే. కానీ ఆ ఫోటోలో ఎన్ని ప్రింట్లు ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి.

మన సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఇన్నాళ్ళూ మనం ఇతరుల పనులు యంత్రాలకి అప్పగించి జీతాలు తీసుకున్నాం. ఇప్పుడు కోడు రాసే యంత్రాలు వచ్చి మన పక్కనే కూర్చున్నాయి. ఆఫీసుల్లో ఒక జట్టు 'అంతా దానికే ఇచ్చేద్దాం' అంటోంది, ఇంకో జట్టు 'ముట్టుకోనివ్వం' అంటోంది. ఇద్దరూ తమ పనిలో ఆసు ఏదో, చిటికి ఏదో విడదీసి చూడలేదు. భుజం అరిగే పనులు మనకీ బోలెడు ఉన్నాయి, సంతోషంగా ఇచ్చేయొచ్చు. కానీ ఏది కట్టాలి, ఏది వదలాలి, ఏ ముడి ఎప్పుడు విప్పాలి అన్న నిర్ణయం కూడా ఇచ్చేస్తే మన దగ్గర మిగిలేది ప్రింటే. చూడ్డానికి అలాగే ఉంటుంది, వెనక్కి తిప్పితే వెలిసిపోయి ఉంటుంది.

చీర ధర ఎక్కువ అని ఎవరైనా అంటే నేనిప్పుడు వాదించడం మానేశాను. ఆ పది సెంటీమీటర్ల గుడ్డ నేసుకుని రమ్మంటున్నాను. బేరం తర్వాత మాట్లాడుకుందాం.